ఫెన్నా వాక్యంలో రెండో సగం

వెస్టర్‌వూర్డ్ విశ్వవిద్యాలయంలో గజ్జెల కర్ర నేలకు తగిలిన తర్వాత పలికిన మాట మాట కాదు. దాన్ని దగ్గుగానో, తుమ్ముగానో, కిటికీ కింద కాలువలో బాతు అరుపుగానో భావించాలని నియమావళి చెబుతోంది. మూడు వందల ఏళ్లుగా ఈ నియమంలో వెంట్రుకవాసి మార్పు లేదు. ఈలోగా దేశంలో దొరలు మారారు, ప్రార్థనలు మారాయి, సముద్రం రెండుసార్లు ఊళ్లోకి వచ్చి చూసి వెళ్లింది. కర్ర మాత్రం ఉన్నచోటే ఉంది.

పద్ధతి చాలా సులువు. డాక్టరు పట్టం కోరుకునే మనిషిని పాత చర్చి హాల్లో నిలబెట్టి, నల్ల గౌన్లు తొడుక్కున్న పెద్దలు ముప్పావు గంట ప్రశ్నలు వేస్తారు. ముప్పావు గంట నిండగానే తలుపు తెరుచుకుంటుంది. చోప్‌దారు లుబ్బర్ట్ గారు గజ్జెల కర్రతో లోపలికి నడిచి వచ్చి, నేల మీద ఒక్క పోటు పొడిచి, సమయం అయిందని లాటిన్‌లో ప్రకటిస్తారు. అభ్యర్థి నోరు తెరిచి ఉంటే మూసెయ్యాలి. వాక్యం సగంలో ఉంటే సగంలోనే ఉంచెయ్యాలి. పూర్వం ఒక వేదాంత విద్యార్థి "సైతాను లేడని నేను రూఢిగా చెప్పగలను, ఎందుకంటే" అన్నచోట కర్ర పడింది. ఆ తర్వాత ఆయన బతికినంతకాలం చర్చిలో బోధకుడిగా ఉన్నాడు. ఎందుకంటే ఏమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు "ఆ తోకచుక్క మన ఊరి మీద పడే అవకాశం" అన్నాడు. అవకాశం ఉందో లేదో తెలియక ఊరు ఊరంతా ఒక వేసవి పొరుగూళ్లో తలదాచుకుంది. ఆ విద్వాంసుడు కూడా వాళ్లతో పాటు వెళ్లాడు. తనకు ఉన్న జ్ఞానాన్ని నియమ విరుద్ధంగా వాడుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఇంతటి ఘనచరిత్ర గల హాల్లో, ఒక వానరోజు మధ్యాహ్నం, ఫెన్నా రౌటెన్‌బేక్ నిలబడింది.

ఫెన్నాది జీవరసాయన శాస్త్రం. రక్తంలో ఉన్న సరుకు మెదడులోకి ఎలా దాటుతుందన్నది ఆమె పరిశోధన. ఒంట్లో మిగతాచోట్ల రక్తనాళాలు కాస్త చూసీ చూడనట్టు పోతాయి గానీ, మెదడు దగ్గరికి వచ్చేసరికి వాటి గోడలోని కణాలు ఒకదాన్నొకటి కరుచుకుని నిలబడతాయి. సందు ఉండదు. పంచదారకు పల్లకీ ఉంది. బోయీల్లాంటి ప్రోటీన్లు దాన్ని భుజాన వేసుకుని తీసుకెళ్లి లోపల దించి వస్తాయి. కాఫీకి పల్లకీతో పనిలేదు, దర్జాగా గోడలోంచి నడిచి పోతుంది. సారా సంగతి అడగనే అక్కర్లేదు. ఒక్క మందుకు మాత్రం గుమ్మం దగ్గర ఆపు. రోగం లోపల, మందు బయట. ప్రకృతికి ఈ పరిపాలనా విధానం ఎవరు నేర్పారో ఏ గ్రంథంలోనూ లేదు. వెస్టర్‌వూర్డ్ పురపాలక సంఘంలో ఒక్కసారైనా పని పడినవాళ్లకు మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఈ గోడను దాటించడానికి ఫెన్నా నాలుగేళ్లు పందుల మెదళ్లతో కాపురం చేసింది. ప్రతి సోమవారం ముందు తొట్టి ఉన్న సైకిలు మీద కబేళాకు వెళ్లి, ఐసు పెట్టెలో మెదళ్లు తెచ్చుకుని, వాటి రక్తనాళాల కణాలను గాజు పాత్రల్లో గోడలా పెంచేది. "మా అక్క వారానికి అరడజను మెదళ్లు ఇంటికి తెస్తుంది, ఒక్కటీ అతకడం లేదు పాపం" అని తమ్ముడు యెల్లె సంతలో చేపలమ్ముతూ చెప్పేవాడు.

ఆ కణాల మీద ఆమె పన్నిన పన్నాగం ఇది. మెదడు ఇష్టంగా తినే ఒక పోషక పదార్థం తోకకు మందును కట్టింది. బోయీలు తమ దొరవారే వచ్చారనుకుని పల్లకీ ఎత్తాయి. మందు లోపలికి వెళ్లింది. ఆ రోజు కాఫీ వేళ ఫెన్నా ప్రయోగశాల డబ్బాలోంచి రెండో బిస్కెట్టు తీసుకోబోయింది. ఒక కాఫీకి ఒకటే బిస్కెట్టు, ఒకటి తీయగానే మూత పెట్టెయ్యాలి, అది అక్కడి మర్యాద. పక్కనున్న పెద్దమనిషి మూత మీద చెయ్యి వేసి, కిటికీలోంచి వాన చూశాడు. ఫెన్నా సర్దుకుంది.

సర్దుకోవడమే మంచిదయింది, ఆ సంబరం వారం నిలవలేదు. లోపలికి వెళ్లిన మందు కాసేపటికల్లా తిరిగి గోడకు బయటివైపున కనిపించింది. గోడలోనే పంపులున్నాయి. బోయీలు దించి వెనక్కి తిరిగీ తిరగకముందే, అవి ఆ కొత్త ముఖాన్ని చూసి, మెడ పట్టి బయటికి తోడేస్తున్నాయి. ఫెన్నా అసలు కనిపెట్టింది ఇదీ. ఇక చెయ్యాల్సింది ఆ పంపుల సంగతి చూడటం. తన గ్రంథంలో ఆరో అధ్యాయమంతా ఈ ముక్కే రాసింది.

వెస్టర్‌వూర్డ్‌లో సిద్ధాంత గ్రంథాన్ని చదివే తీరు ఒకటుంది. ముందు ఆఖరి పేజీల్లో కృతజ్ఞతలు చదువుతారు, తమ పేరు ఉందో లేదో చూసుకోవడానికి. గ్రంథంలో పెట్టి ఇచ్చే ప్రతిపాదనల కాగితంలో చిట్టచివరిది చదువుతారు, అది నవ్వు తెప్పించేదై ఉండాలని ఆచారం కనుక. నవ్వుతారు. ఆ తర్వాత గ్రంథాన్ని అలమరలో సగౌరవంగా నిలబెడతారు. ఫెన్నాకు పని నేర్పిన ప్రొఫెసర్ డీడెరిక్ గారు ఐదో అధ్యాయం దాకా చదివారని వినికిడి. అంత దూరం వెళ్లిన ప్రొఫెసరు ఆ విభాగంలో అంతకు ముందు లేడు.

సరే, హాల్లో ప్రశ్నలు నడుస్తున్నాయి. పట్టం రోజు అభ్యర్థికి చెరోపక్కా ఒక తోడు మనిషి నిలబడాలి, పెళ్లిలో తోడుపెళ్లికొడుకులా. ఒక పక్క ప్రయోగశాల స్నేహితురాలు, ఇంకో పక్క యెల్లె. అద్దెకు తెచ్చిన తోకకోటులోంచి కూడా వాడి దగ్గర చేప వాసన వస్తోంది. చివరి ప్రశ్న వెయ్యడానికి పొరుగు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పండితుడు లేచాడు. ముందు ఫెన్నాను పొగిడాడు. అక్కడి నుంచి మెల్లగా తన సొంత పరిశోధనలోకి జారి, దాన్ని ఇంకా బాగా పొగిడాడు. పడవ ప్రయాణంలో తనకు తట్టిన ఒక ఆలోచన చెప్పాడు. అంతా అయ్యాక, "ఇంతకీ మందు మెదడులోకి వెళుతుందా, వెళ్లదా?" అని అడిగాడు.

జవాబుకు ముందు పలకాల్సిన వాక్యం ఒకటుంది. దాన్ని ఎగ్గొట్టి పట్టం పుచ్చుకున్నవాడు లేడు. "మిక్కిలి పాండిత్య సంపన్నులైన ప్రశ్నకర్త గారికి, ఇంత లోతైన ప్రశ్న నన్ను అడిగినందుకు, నా హృదయపూర్వక కృతజ్ఞతలు" అని ఫెన్నా మొదలుపెట్టింది. వెనక తలుపు కిర్రుమంది. ఆమె మాట వేగం పెంచింది.

"వెళుతుందండీ. కానీ"

గజ్జెలు ఘల్లుమన్నాయి.

"కానీ ఏంటే అక్కా?" అని యెల్లె పెదవి కదపకుండా అడిగాడు. చోప్‌దారు లుబ్బర్ట్ గారు కర్ర పట్టుకుని వాడి వైపు చూశారు. యెల్లె చేప వాసనతో సహా నిటారుగా నిలబడ్డాడు.

పెద్దలు లోపలి గదిలోకి వెళ్లి ఆలోచించారు. 'కానీ' అన్న ముక్క కర్రకు ముందు పడిందా, తర్వాత పడిందా అన్నది తేల్చాల్సి వచ్చింది. రెండూ కలిసే పడ్డాయనీ, సందేహం వచ్చినప్పుడు అది కర్రకే అనుకూలమనీ తీర్మానించారు. ఫెన్నాకు పట్టం ఇచ్చారు. విశ్వవిద్యాలయ చరిత్రలో ఆమె జవాబు ఒక్క మాటగా నమోదయింది: వెళుతుంది.

మర్నాటికి ప్రచార విభాగం ఆ మాటను అందుకుంది. మెదడు గోడకు వెస్టర్‌వూర్డ్ ఆడబిడ్డ గండి కొట్టిందని పత్రికలు రాశాయి. వణుకుడు జబ్బుతో మాటలు మర్చిపోతున్న రోగులకు శరదృతువులోనే ఆ మందు ఇచ్చి చూస్తామని పక్కనున్న ఆసుపత్రి ప్రకటించింది. మేయరు గారు ఒక సైకిలు వంతెనకు ఫెన్నా పేరు పెట్టారు. పూలతోట యజమాని ఒకాయన కొత్తరకం తులిప్‌కు ఆమె పేరు పెట్టాడు. పిల్లలు రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకుల పొట్లం మీద మెదడు బొమ్మ వేసి, 'నేరుగా లోపలికి' అని అచ్చు వేశారు. అందులో పంచదార తప్ప మరేమీ లేదు కనుక, ఈ మొత్తం వ్యవహారంలో శాస్త్రీయంగా నిలబడేది ఆ ఒక్క ప్రకటనే.

విశ్వవిద్యాలయం వెనకబడలేదు. ఆరంతస్తుల 'ప్రవేశ భవనం' కట్టడానికి పూనుకుంది. దానికి నాలుగు దిక్కులా ఘనమైన ద్వారాలు పెట్టారు. బయటికి వెళ్లే దారి మాత్రం ప్లానులో లేదు, అది భవనం ఆశయానికి విరుద్ధమన్నారు. అగ్నిమాపక శాఖ ఒప్పుకోలేదు. చివరికి వెనకవైపు ఒక తలుపు పెట్టి, దాని మీద 'ప్రత్యామ్నాయ ప్రవేశం' అని రాశారు.

ఫెన్నా ముందు ప్రొఫెసర్ డీడెరిక్ గారి దగ్గరికి వెళ్లింది. వెళ్లిన మందు తిరిగి వచ్చేస్తోందనీ, ఆసుపత్రివాళ్లను ఆపాలనీ చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని సాంతం విన్నారు. చాలా ముఖ్యమైన సంగతి, దీన్ని పట్టించుకోవాలి అన్నారు. వానకోటు తొడుక్కున్నారు. సైకిళ్ల పాక దగ్గర కాచుకున్న విలేకరితో, "వెళుతుందయ్యా. ఆ పిల్ల ఒప్పుకోదు గానీ. అంత అణకువ" అన్నారు. మాట చెవిలోకి వెళ్లి, మెట్లు దిగేలోపు బయటికి వచ్చేసింది. పందుల కణాల్లో చూడటానికి నాలుగేళ్లు పట్టిన దృశ్యాన్ని ఫెన్నా ఇప్పుడు మామూలు కళ్లతో చూసింది.

అసలు చిక్కు ఆ అణకువ దగ్గరే ఉంది. వెస్టర్‌వూర్డ్‌లో మామూలుగా ఉండటాన్ని మించిన గొప్ప లేదు. ప్రపంచమంతా పొగిడిన విద్వాంసుడు కూడా తడిసిన సైకిలు సీటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి తొక్కుకుంటూ పోవాలి, ఎవరైనా మెచ్చుకుంటే "ఏదో అలా కలిసొచ్చింది" అనాలి. అది అన్నవాణ్ణి మరింత మెచ్చుకుంటారు. అంచేత ఫెన్నా "నా మందు పనిచెయ్యదు" అన్నప్పుడల్లా జనం ముచ్చటపడ్డారు. ఎంత గట్టిగా కాదంటే అంత పెద్ద మనసు అన్నారు. రేడియోలో నొక్కి చెప్పింది. ఆ సాయంత్రం తులిప్‌ల అమ్మకం పెరిగింది.

శనివారం యెల్లె చేపల బండి దగ్గర బారెండ్ కనిపించాడు. తపాలాశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. చెయ్యి పట్టుకుని భార్య నేల్చేను నడిపించుకు వచ్చి, ఉల్లిపాయ ముక్కలు చల్లిన చేప ఆమె నోటికి అందిస్తున్నాడు. నేల్చే ఒకప్పుడు చర్చి గాయక బృందంలో పాడేది. ఇప్పుడు రోజుకు కాసిని మాటలే వస్తాయి, అవి కూడా పాత మాత్రల పుణ్యమే. ఆసుపత్రి ప్రయోగంలో చేరాలంటే పాత మాత్రలు ఆపెయ్యాలి. ఫెన్నా ఆయన్ని పక్కకు పిలిచి, చేర్పించొద్దనీ, మందు లోపల నిలవదనీ, ఉన్న నాలుగు మాటలూ పోతాయనీ విడమర్చి చెప్పింది.

బారెండ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ఆవిడ కూడా ఇంతే డాక్టరమ్మా. పాటకు బహుమతి వస్తే, ఏదో ఆ రోజు గొంతు సహకరించిందిలే అనేది. మీలాంటివాళ్లు ఉండబట్టే ఊరు నిలబడింది" అన్నాడు. నేల్చే చేప నములుతూ ఫెన్నా వైపు చూసి, "వాన" అంది. వాన నిజంగానే పడుతోంది. ఆ బండి చుట్టూ ఉన్నవాళ్లలో ఉన్నది ఉన్నట్టు చెప్పి నమ్మించగలిగింది ఆవిడొక్కతే.

ఫెన్నా ఆ రోజే నిర్ణయించుకుంది. తన వాక్యం తాను పూర్తి చెయ్యాలి, అది అధికారికంగా వినబడాలి.

విశ్వవిద్యాలయానికి పెద్ద అయిన మహామహిమ రెక్టరు గారు ఆమెను సాదరంగా కూర్చోబెట్టారు. మహిమ ఆయన బిరుదులోనే ఉంది కనుక విడిగా చూపించాల్సిన పని లేదు. ఆయన విషయం విని, అర్ధవాక్యం విశ్వవిద్యాలయ ఆస్తి అనీ, అయినా ఎవరినీ నొప్పించడం తమ పద్ధతి కాదు కాబట్టి అందరితో మాట్లాడి ఏకాభిప్రాయానికి వద్దామనీ అన్నారు. వెంటనే 'అసంపూర్ణ వాక్యాల సంఘం' ఏర్పడింది. అందులో పండితులు, విద్యార్థులు, ఊడ్చేవారి ప్రతినిధి, బాతుల సంరక్షకులు, నీటి బోర్డు పెద్ద, చోప్‌దారు లుబ్బర్ట్ గారు కూర్చున్నారు. కాఫీ వచ్చింది. తలా ఒక బిస్కెట్టు తీసుకున్నారు. మూత పడింది.

ఒక్క వాక్యానికి అనుమతిస్తే మూడు వందల ఏళ్ల వాక్యాలన్నీ వరస కడతాయని ఒకరు భయపడ్డారు. ఆ భయం సబబే. సైతాను విద్యార్థి ముని మనవడు అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నాడు. 'ఎందుకంటే' తర్వాత ఏముందో ఆయనకు తెలియదు, కానీ హక్కు వదులుకోనన్నాడు. నీటి బోర్డు పెద్ద మొదటిసారి నోరు విప్పి, సముద్రం కన్నా పల్లాన ఉన్న ఈ ఊళ్లో నీళ్లు తోడే పంపులు లేకపోతే ఈ సమావేశం నీటి అడుగున జరిగేదనీ, పంపుల వల్ల చెరుపు జరుగుతుందని ధ్వనించే ఏ వాక్యాన్నీ తాము సమర్థించలేమనీ చెప్పారు. ఆయన మాటకు అందరూ తలలూపారు. ఎవరికీ ఎవరితోనూ విభేదం లేదని ఏకగ్రీవంగా తేలింది. వాక్యం పూర్తి చెయ్యదలిస్తే ఫెన్నా మరో గ్రంథం రాసి, మరో పట్టానికి నిలబడి, ఈసారి కాస్త ముందుగా మొదలుపెట్టవచ్చని సూచించారు.

బయటికి వస్తుంటే లుబ్బర్ట్ గారు మెట్ల మీద కలిశారు. ముసలాయన నెమ్మదస్తుడు. "నా మీద కోపంగా ఉందా అమ్మాయ్?" అన్నారు. లేదంది. "నేను సమయం అయ్యాక కొడతాను. అవకముందు రాజుగారు చెప్పినా కొట్టను. నాకు తెలిసింది అంతే" అని, కర్ర గజ్జెలు మోగకుండా చంకలో పెట్టుకుని దిగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం తమ్ముడి బండి సర్దుతూ ఫెన్నా సంఘం చెప్పిందంతా వాడికి చెప్పింది. యెల్లె విని, తన వ్యాపార రహస్యం బయటపెట్టాడు.

"చేప తాజాగా ఉందని అరిస్తే ఎవడూ వినడక్కా. అందరూ అదే అరుస్తారు. పక్క జున్ను కొట్టువాడు పెళ్లాం చేతిలో దెబ్బలు తిన్నాడట అని మొదలుపెట్టు. జనం ఆగి వింటారు. వినేటప్పుడు ఊరికే నిలబడలేరుగా, చేప కొంటారు."

"దెబ్బలు తిన్నాడా?"

"ఏమో. చేప మాత్రం తాజాదే."

ఫెన్నా చేతిలోని చేపల బుట్ట కింద దించింది. నాలుగేళ్లుగా తాను చేస్తున్నది కూడా ఇదే కదా అనుకుంది. మందును మందుగా పంపితే గోడ ఆపేస్తుంది. లోపలివాళ్లు ఇష్టంగా తినేదానికి తోకలా కట్టి పంపాలి. ఆ ఊరివాళ్లు అన్నిటికన్నా ఇష్టంగా తినేది ఏమిటో ఆమెకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. బిస్కెట్టు ఒకటితో ఆపేస్తారు గానీ, దాని దగ్గర మూత పెట్టిన పాపాన పోలేదు.

ప్రవేశ భవనం శంకుస్థాపన నాడు ఎదురుగాలి, జల్లు. మంత్రిణి గారు సైకిలు మీదే వచ్చి, మామూలుగా ఉన్నారనిపించుకున్నారు. రెక్టరు గారు ప్రసంగించారు. "మానవ మేధస్సులోకి ప్రవేశించడం మా సంస్థకు కొత్త కాదు. ఇన్నాళ్లూ విద్యార్థుల మేధస్సులోకి ప్రవేశించాం, ఇక రోగుల మేధస్సులోకి ప్రవేశించబోతున్నాం. ఈ రెండు రంగాల్లోనూ ఫలితాలు ఒకే స్థాయిలో ఉంటాయని హామీ ఇస్తున్నాను" అన్నారు. ఆయన జీవితంలో చెప్పిన మాటల్లో ఇంత కచ్చితమైనది మరొకటి లేదు. డీడెరిక్ గారు, తాను చేసింది ఏమీ లేదని చాలాసేపు చెప్పారు. అందరూ కళ్లొత్తుకున్నారు. తర్వాత ఫెన్నాను పిలిచి, నాలుగు మాటలు చెప్పమని కొద్ది నిమిషాలు ఇచ్చారు. మర్యాదకు లుబ్బర్ట్ గారు కర్రతో పక్కన నిలబడ్డారు. ముందు వరసలో గొడుగు కింద బారెండ్, నేల్చే.

ఫెన్నా మైకు దగ్గరికి వచ్చింది.

"నేను మామూలు మనిషిని కాను" అంది.

గొడుగులు ఒక్కసారి కదిలాయి.

"నా అంత తెలివైనవాళ్లు ఈ ఊళ్లో లేరు. ఇక్కడున్న గౌన్లవాళ్లందరి బుర్రలూ తక్కెడలో ఒక పళ్లెంలో వేసి, నా బుర్ర ఇంకో పళ్లెంలో వేస్తే, ముల్లు నా వైపే మొగ్గుతుంది. నా ప్రొఫెసరు గారు నా గ్రంథం సాంతం చదవలేకపోయారు, అంత గొప్పగా రాశాను. మందు లోపలికి వెళుతుంది, వెళ్లిన కాసేపటికే గోడలో ఉన్న పంపులు దాన్ని బయటికి తోడేస్తాయి. ఇది కనిపెట్టింది నేను. మీలో ఒక్కరి వల్ల కూడా అయ్యే పని కాదు. ఈ శరదృతువులో ఆ మందు మింగినవాళ్లకు పాత మాత్రలు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. అదీ నాకే తెలుసు."

మైదానం బిగుసుకుపోయింది. మేయరు గారి భార్య తన పర్సును గుండెలకు హత్తుకుంది. వంద మంది మధ్య ఒక మనిషి తనను తాను పొగుడుకోవడం ఆ తరం చూసి ఎరగదు. సముద్రం వచ్చినప్పుడు కూడా ఊరు ఇంత అదిరిపడలేదని పెద్దవాళ్లు తర్వాత అన్నారు. రెక్టరు గారు చోప్‌దారు వైపు తిరిగి, కర్ర అన్నట్టు సైగ చేశారు.

లుబ్బర్ట్ గారు జేబులోంచి గడియారం తీసి చూశారు.

"ఇంకా సమయం ఉంది, మహామహిమా" అన్నారు.

ఫెన్నా ఆ సమయాన్ని వృథా చెయ్యలేదు. మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. అప్పుడు కర్ర పడింది.

ఆ తర్వాత జరిగినదాన్ని శాస్త్రీయ సమాచార వ్యాప్తి అంటారు. రొట్టెల దుకాణంలో, బట్టలారేసే చోట, పడవ రేవులో, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నచోట కూడా అదే మాట. "విన్నావా, మందు లోపలికి పోతుందట, కాసేపటికే పంపులు బయటికి తోడేస్తాయట, అది కనిపెట్టింది తనొక్కతేనట. ఎంత పొగరు." ఒకరు ఒక ముక్క మర్చిపోతే రెండోవాళ్లు అందించారు, ఎందుకంటే ముక్క పోతే పొగరు తగ్గుతుంది. ఆరో అధ్యాయం మొత్తం వారం తిరక్కుండా ఊరి నాలుక మీదికి ఎక్కింది. ఏ పంపూ దాన్ని బయటికి తోడలేకపోయింది.

శనివారం బారెండ్ చేపల బండి దగ్గరికి వచ్చాడు. "మీ అక్కకు ఏమొచ్చిందిరా యెల్లె, అంత బుద్ధిమంతురాలికి" అని వాపోయి, ఆమె అన్నవన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"మరి పిన్ని పేరు రాయించావా బాబాయ్, ఆసుపత్రిలో?" అన్నాడు యెల్లె.

"ఎందుకు రాయిస్తాను? పోయి తిరిగొచ్చేదానికి ఈ ఉన్న మాత్రలు పారేసుకోనా? మీ అక్కే అందిగా."

"అదేగా మొన్న ఇక్కడే నిలబడి నీకు చెప్పింది."

"మొన్న మర్యాదగా చెప్పింది" అన్నాడు బారెండ్. "మర్యాదగా చెబితే నిజమని ఎవరనుకుంటారు?"

నేల్చే చేప వైపు చూసి, "ఇంకోటి" అంది. బారెండ్ ఇంకోటి కొన్నాడు.

ఆసుపత్రి ప్రయోగానికి ఒక్కరూ పేరు ఇవ్వలేదు. వాతావరణం అనుకూలించక వాయిదా వేశామని ప్రకటన వచ్చింది. తులిప్ పేరు మార్చి 'అణకువ' అని పెట్టారు. వంతెన మీద పలక తీసేశారు గానీ, మేకులు ఇంకా ఉన్నాయి, సైకిలు టైర్లు చిరుగుతున్నాయి. ప్రవేశ భవనం మాత్రం కట్టారు, పునాది తవ్వేశాక ఆపడం ఎవరికీ మర్యాదగా తోచలేదు. శిక్షగా ఫెన్నాకు అందులో కిటికీ లేని నేలమాళిగ గది ఇచ్చారు. గోడకు అవతల భవనం నీళ్లు తోడే మోటారు రాత్రీ పగలూ గుంయ్‌మంటూ ఉంటుంది. అక్కడ ఆమె సోమవారం సోమవారం మెదళ్లు తెచ్చుకుని, పంపులను ఎలా లొంగదియ్యాలో చూస్తోంది, హాయిగా ఉంది. పైగా కాఫీ వేళ రెండు బిస్కెట్లు తీసుకుంటుంది. ఎవరూ మూత మీద చెయ్యి వెయ్యరు. పొగరుబోతుకు ఎవరు చెప్పగలరు?

ఇంతవరకు ఓపిగ్గా చదివిన మీకు ఆ మిక్కిలి పాండిత్య సంపన్నుడికి చెప్పినన్ని కృతజ్ఞతలూ చెల్లుతాయి. రేపు మీరు ఈ కథ ఎవరికైనా చెబుతారు. రక్తనాళాల గోడ గురించి చెప్పరు, బోయీల్లాంటి ప్రోటీన్ల గురించీ చెప్పరు, అవి మీ బుర్రలోకి వెళ్లిన కాసేపటికే బయటికి వచ్చేస్తాయి. ఎక్కడో ఒక ఊళ్లో ఒక ఆడమనిషి పదిమందిలో నిలబడి నా అంతటిదాన్ని నేనే అని గొప్పలు పోయిందట అని చెబుతారు. సంతోషం. అలాగే చెప్పండి, ఒక ముక్క కలిపి మరీ చెప్పండి. మందు దాని తోకకే కట్టి ఉంది.